ఊసరవెల్లి చెప్పే నిజం

మాట మీద నిలవని వానిని చూచి తెలుగువారు అప్రయత్నంగా అనే మాట 'ఊసరవెల్లి'. రోజురోజుకు చెడుగు ముదిరిపోతున్న వానిని గూర్చి చెప్పడానికి 'తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్లు' అనే సామెత ఉండనే ఉంది. ఎన్నికల వేళ ఉపన్యాసాలలో, ఇరుగుపొరుగు తగవులలో, చలనచిత్రాల సంభాషణలలో ఈ పేరు తరచుగా వినిపిస్తుంది. అయితే ఆ పేరును తిట్టుగా వాడేవారిలో ఆ ప్రాణిని కనులారా చూచినవారు అరుదు. దాని నడకను, చూపును, జీవనాన్ని పరిశీలించినవారు మరీ అరుదు. వాదన వినకుండానే తీర్పు చెప్పినట్లు, భాష ఈ మూగజీవికి ఏనాడో నేరం అంటగట్టింది.

పల్లెలలో ఊసరవెల్లి కంటబడితే పిల్లల చేతికి మొదట అందేది రాయి. దాని కాటు విషమనీ, అది కనిపించడం అశుభమనీ కొందరి నమ్మకం. పట్టణాలలో మరొక ధోరణి బయలుదేరింది. కుక్కను, చిలుకను పెంచడం పాతబడిపోయిందని భావించే కొందరు వింత ప్రాణులను ఇంటికి తెచ్చుకొంటున్నారు. ఆ వింతలలో ఊసరవెల్లి ఒకటి. ఒకరు రాయి విసురుతారు, మరొకరు పంజరం తెస్తారు. మొదటిది ద్వేషమనీ, రెండవది ప్రేమ అనీ పైకి తోస్తుంది. ఆ రెండింటి నడుమ దూరం ఎంత అన్నదే ఆలోచించవలసిన విషయం.

వికారాబాదు నుంచి తాండూరుకు రైలు మార్గం సుమారు 40 కిలోమీటర్లు. వికారాబాదు చెంతనే అనంతగిరి కొండలు ఉన్నాయి. అనంతపద్మనాభస్వామి కొలువైన ఆ కొండలలోనే మూసీ నది పుట్టింది. ధారూరు దాటి పడమరకు సాగేకొద్దీ కొండలు వెనుకబడి చేలు విప్పారుతాయి. కాగ్నా నది, నల్లరేగడి నేలలు, కంది చేలు, నాపరాతి గనులు తాండూరు ప్రాంతానికి గుర్తులు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఆకురాల్చు అడవులు, తుమ్మ చెట్లు, రేగు పొదలు, చేల గట్ల మీద అల్లుకొన్న కంచెలు గల ఇటువంటి దక్కను నేల భారతదేశపు ఊసరవెల్లికి సహజమైన ఆవాసం. శాస్త్రజ్ఞుడైన లారెంటి 1768లో దీనికి శాస్త్రీయ నామం పెట్టాడు. ప్రపంచంలో రెండు వందలకు పైగా ఊసరవెల్లి జాతులు ఉన్నాయి. వాటిలో దాదాపు సగం మడగాస్కర్ ద్వీపంలోనే నివసిస్తాయి. మన పొలాల గట్ల మీద తిరిగే ఈ ప్రాణి ఆ మహావంశానికి చెందిన దూరపు బంధువు.

తొండను చూచి ఊసరవెల్లి అని భ్రమపడేవారు చాలామంది. తొండ చురుకైనది. రాతి మీద, గోడ మీద పరుగెత్తుతుంది, తల ఊపుతుంది. దాని రంగు కూడా కొంత మారుతుంది. ఊసరవెల్లికి పరుగు చేతకాదు. తోకతో కలిపి అడుగుకు కాస్త పైచిలుకు పొడవుండే ఈ ప్రాణి, గాలికి కదిలే ఆకు వలె ముందుకు వెనుకకు ఊగుతూ అడుగు తీసి అడుగు వేస్తుంది. తల మీద కిరీటం వంటి ఎత్తైన భాగం ఉంటుంది. పక్కలు నొక్కినట్లుండే శరీరం ఆకును పోలి ఉంటుంది. దాని పాదంలోని వేళ్ళు రెండు ఒకవైపు, మూడు మరొకవైపు కలిసిపోయి పట్టకారు వలె కొమ్మను పట్టుకొంటాయి. తోక ఐదవ చేయి వలె కొమ్మకు చుట్టుకొంటుంది. బల్లి తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది. ఊసరవెల్లి తోక అట్లా ఊడిపోదు, పోతే మళ్ళీ రాదు.

దాని కన్నులు మరొక అద్భుతం. ఒక కన్ను ముందుకు చూస్తుండగా రెండవ కన్ను వెనుకకు చూడగలదు. ఆహారమైన పురుగు కనబడగానే రెండు కన్నులూ ఒకే చోట నిలుస్తాయి. దూరం లెక్కకు అందిన మరుక్షణమే నాలుక బాణం వలె దూసుకుపోతుంది. ఆ నాలుక పొడవు తోకను మినహాయించిన శరీరం పొడవు కంటె అధికం. దాని కొన మీది జిగురు ఎంత చిక్కనైనదో 2016లో శాస్త్రజ్ఞులు కొలిచారు. అది మనిషి లాలాజలం కంటె సుమారు 400 రెట్లు చిక్కన అని తేలింది. రెండువేల మూడు వందల ఏళ్ళ నాడే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథంలో ఊసరవెల్లి అవయవాలను సవివరంగా వర్ణించాడు. దానికి విషం లేదు. భయపడినపుడు నోరు తెరిచి బుసకొట్టడం, ఒళ్ళు ఉబ్బించుకోవడం మాత్రమే దానికి తెలిసిన యుద్ధవిద్య.

ఇక రంగుల సంగతి. ఆకు మీద ఉంటే ఆకుపచ్చగా, మట్టి మీద ఉంటే మట్టిరంగుగా మారి ఊసరవెల్లి అందరినీ మోసగిస్తుందని లోకం నమ్మకం. నిజం వేరు. దాని సహజమైన పచ్చని, గోధుమ వన్నెలు చెట్లలో కలిసిపోవడానికి తోడ్పడే మాట వాస్తవమే. కాని అది రంగు మార్చడానికి ముఖ్య కారణాలు ఎండ, చలి, భయం, కోపం, తోటి ఊసరవెల్లుల సమక్షం. ఉదయం చలిగా ఉన్నపుడు వెచ్చదనాన్ని గ్రహించడానికి దాని ఒళ్ళు నల్లబడుతుంది. ఎండ ముదిరితే వన్నె తేలికపడుతుంది. నిద్రలో పాలిపోతుంది. జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2015లో మడగాస్కర్ ఊసరవెల్లిని పరీక్షించి ఈ మార్పు జరిగే తీరును వెల్లడించారు. చర్మంలోని కొన్ని కణాలలో అతి సూక్ష్మమైన స్ఫటికాలు వరుసలు తీరి ఉంటాయి. ప్రాణి ప్రశాంతంగా ఉన్నపుడు అవి దగ్గరగా ఉండి నీలి కాంతిని వెనుకకు పంపుతాయి. చర్మంలోని పసుపు వర్ణంతో అది కలిసి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఉద్రేకం కలిగినపుడు స్ఫటికాల మధ్య ఎడం పెరుగుతుంది. అపుడు పసుపు, ఎరుపు కాంతులు బయటపడతాయి.

దీనిని బట్టి ఒక సత్యం బోధపడుతుంది. మనిషి కోపాన్ని చిరునవ్వుతో కప్పగలడు, భయాన్ని బింకంతో దాచగలడు. ఊసరవెల్లికి ఆ విద్య రాదు. లోపల ఏది కలిగితే అది దాని చర్మం మీద కనిపిస్తుంది. దాచుకోవడం చేతకాని ప్రాణిని వంచనకు ప్రతీకగా నిలిపిన లోకం, అన్నీ దాచుకోగల తనను మాత్రం సత్యవంతునిగా ఎంచుకొన్నది.

ప్రాచీన కవులు ఈ ప్రాణిని ఇంత చులకనగా చూడలేదు. సంస్కృతంలో దీనికి కృకలాసమని పేరు. వాల్మీకి రామాయణంలోని ఉత్తరకాండలో మరుత్తుడనే రాజు యజ్ఞం చేస్తుండగా రావణుడు అక్కడికి వస్తాడు. దేవతలు భయపడి తలకొక రూపం ధరిస్తారు. ఇంద్రుడు నెమలిగా, యముడు కాకిగా, వరుణుడు హంసగా, కుబేరుడు కృకలాసంగా మారతారు. ఆపద గడిచిన పిమ్మట తమకు ఆశ్రయమిచ్చిన రూపాలకు వారు వరాలిచ్చారు. కృకలాసానికి కుబేరుడిచ్చిన వరం బంగారు వన్నె. ధనాధిపతి ప్రాణభయంతో తలదాచుకొన్నది ఈ ప్రాణి రూపంలోనే అన్నది గమనింపదగిన విషయం.

భాగవతం దశమస్కంధంలోని నృగ మహారాజు కథ ఇంకను లోతైనది. పోతన తెలుగులోనూ ఆ కథ ఉంది. యాదవ బాలురు ఉద్యానంలో ఆడుకొని, దాహంతో నీటికై వెదకుతూ ఒక పాడుబావి వద్దకు చేరుతారు. అందులో కొండంత ఊసరవెల్లి పడి ఉంటుంది. ఆ బాలురు రాళ్ళు రువ్వలేదు. జాలిపడి, త్రాళ్ళు కట్టి దానిని పైకి లాగడానికి శ్రమించారు. తమ వల్ల కాకపోయేసరికి శ్రీకృష్ణునితో చెప్పారు. ఆయన ఎడమచేతితో అవలీలగా పైకి తీయగానే ఆ ప్రాణి నృగుడనే రాజుగా మారి తన కథ చెప్పుకొన్నాడు. లెక్కలేనన్ని గోవులను దానం చేసిన పుణ్యాత్ముడు అతడు. ఒక విప్రునికి ఇచ్చిన ఆవు తప్పిపోయి వచ్చి రాజు మందలో కలిసింది. ఆ సంగతి తెలియక రాజు దానిని మరొకనికి దానం చేశాడు. తనది కాని ప్రాణిని తనదనుకొన్న ఆ పొరపాటుకు ఫలితంగా అతనికి ఊసరవెల్లి జన్మ కలిగింది.

తెలియక చేసిన దానికే అంతటి రాజు బావిలో పడి ఉండవలసి వచ్చింది. తెలిసి తెలిసి కంచె మీది ప్రాణిని పట్టి పంజరంలో పెట్టి 'ఇది నాది' అనేవారిని గూర్చి ఆ కథ ఏమి చెబుతుందో వేరుగా వివరించనక్కరలేదు.

తాండూరు ప్రాంతపు విద్యార్థి ఒకడు పొలం గట్టున దొరికిన ఊసరవెల్లిని అపురూపంగా ఇంటికి తెచ్చాడని అనుకొందాం. అతని మనసులో క్రూరత్వం లేదు. గాజు పెట్టె సిద్ధం చేస్తాడు, గిన్నెలో నీరు పెడతాడు, తోడు కోసం మరొక ఊసరవెల్లిని కూడా తెస్తాడు. అతడు ప్రేమతో చేసిన ఈ మూడు పనులూ దానికి మూడు శిక్షలే. గాలి ఆడని గాజు పెట్టెలో దానికి ఊపిరితిత్తుల జబ్బులు వచ్చే ప్రమాదం ఉంది. గిన్నెలో నిలిచిన నీటిని సాధారణంగా అది నీరుగా గుర్తించదు. ఆకుల మీద మెరిసే మంచు బిందువులను, వానచుక్కలను నాలుకతో అందుకొని త్రాగడం దాని అలవాటు. గిన్నె నిండుగా ఉండగానే అది దాహంతో ఎండిపోవచ్చు. ఇక తోడు సంగతి. ఊసరవెల్లి ఏకాంతవాసి. ఎదుట మరొకటి నిరంతరం కనిపిస్తుంటే అది బెదిరిపోతుంది, ఆహారం మానుతుంది, నానాటికి నల్లబడి క్షీణిస్తుంది.

మరొక కష్టం కూడా ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే దాని శరీరంలో డి విటమిను తయారై, ఆహారంలోని కాల్షియం ఎముకలకు అందుతుంది. కిటికీ అద్దం ఎండ వెలుగును రానిచ్చినా ఆ కిరణాలను చాలవరకు ఆపివేస్తుంది. అద్దం చాటున వెలుగులో ఉన్నట్లే కనిపించే ప్రాణి ఎముకలు మెత్తబడి, కాళ్ళు వంకరపోయి, కొమ్మను పట్టుకోలేని స్థితికి చేరుతుంది. ఆ విద్యార్థి దాని రంగులు చూచి మురిసిపోతుంటాడు. అవి బాధకు గుర్తులని అతనికి తెలియదు. చదవడం రానివాని చేతిలోని ఉత్తరం వంటిది ఆ చర్మం.

పిల్లలను చేయించాలనే కోరిక మరింత ప్రమాదకరం. గర్భవతి అయిన ఊసరవెల్లికి చెట్టు చాలదు, నేల కావాలి. జీవితమంతా కొమ్మల మీద గడిపే ఆ తల్లి, గుడ్లు పెట్టే వేళ కిందికి దిగుతుంది. మెత్తని, తడిసిన మట్టిని వెదకి గంటల తరబడి గొయ్యి త్రవ్వుతుంది. అందులో పదుల సంఖ్యలో గుడ్లు పెట్టి, మట్టి కప్పి, చదును చేసి మళ్ళీ చెట్టెక్కుతుంది. తాండూరు ఇండ్లలో నున్నగా పరచిన నాపరాళ్ళ మీద తిరుగుతూ త్రవ్వడానికి చోటు దొరకకపోతే గుడ్లు కడుపులోనే నిలిచిపోయి ఆ తల్లి ప్రాణాలే పోవచ్చు. జన్మనివ్వడానికి ఆ జీవికి కావలసినది పిడికెడు సౌకర్యం కాదు, జానెడు లోతు నేల.

గుడ్లు పెట్టినా కథ ముగియదు. పెంపకంలో ప్రసిద్ధమైన యెమెన్ దేశపు ఊసరవెల్లి గుడ్లు పొదగడానికి ఆరు నెలలకు పైగా పడుతుంది. మడగాస్కర్‌లో లాబోర్డ్ ఊసరవెల్లి అనే జాతి ఉంది. అది ఎనిమిది తొమ్మిది నెలలు గుడ్డులోనే గడిపి, బయటకు వచ్చాక నాలుగైదు నెలలు మాత్రమే జీవిస్తుందని 2008లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వెలుగులోని బ్రతుకు కంటె మట్టిలోని నిరీక్షణే దీర్ఘం. ఆ నిరీక్షణ కాలమంతా తేమ, వేడిమి సమంగా ఉండాలి. పుట్టిన ప్రతి పిల్లకూ వేరుగా చోటు, దినదినమూ సజీవమైన చిన్న పురుగులు సమకూర్చాలి. పాశ్చాత్య దేశాలలో ఏళ్ళ తరబడి అనుభవం గడించిన పెంపకందార్లు సైతం జాలీ పంజరాలు, ప్రత్యేక దీపాలు, తుంపర యంత్రాలు అమర్చుకొని ఎంతో శ్రమపడితే గాని ఈ పని సాధ్యం కాదు.

పెంపకం విసుగు పుట్టి విడిచిపెట్టినా ముప్పు తప్పదు. 1972లో ఆఫ్రికాలోని కెన్యా నుంచి హవాయి దీవులకు కొన్ని మూడు కొమ్ముల ఊసరవెల్లులను పెంపుడు జంతువుల వ్యాపారం కోసం తెప్పించారు. తోటలోకి వదలిన ఆ ప్రాణులు అక్కడే స్థిరపడి సంతతిని పెంచుకొన్నాయి. ఆ దీవులలో తప్ప మరెక్కడా లేని నత్తలకు, పురుగులకు అవి శత్రువులయ్యాయి. తన గడ్డ మీద అందమైన జీవి పరాయి గడ్డ మీద ఆపదగా మారడంలో ఆ జీవి దోషం లేదు. దానిని తరలించిన చేతిదే దోషం.

అందువల్లనే చట్టం జోక్యం చేసుకొన్నది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊసరవెల్లికి రక్షణ కల్పించింది. ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడమే కాదు, పట్టుకోవడమూ, ఉచ్చులో బిగించడమూ వేటే. సరీసృపాల గుడ్లను పాడుచేయడం, కదిలించడం కూడా వేట కిందికే వస్తాయి. కనుక పొలం గట్టున దొరికిన ఊసరవెల్లిని ఇంట పెంచడం, దాని గుడ్లను త్రవ్వి తీయడం శిక్షార్హమైన నేరాలు. విదేశీ ఊసరవెల్లుల వ్యాపారం కూడా అంతర్జాతీయ ఒప్పందాల నియంత్రణకు లోబడినదే. 2022లో సవరించిన మన చట్టం, 2024లో వెలువడిన నియమావళి ప్రకారం, ఆ ఒప్పందం జాబితాలలో చేరిన విదేశీ ప్రాణులను ఉంచుకొన్నవారు ప్రభుత్వం వద్ద నమోదు చేసుకోవలసి ఉంటుంది. జీవుల పట్ల కారుణ్యం చూపడం పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది.

అయితే చట్టానికి భయపడి పట్టుకోకుండా ఉండటం వేరు, తెలుసుకొని వదలిపెట్టడం వేరు. మొదటి దానికి కాపలా కావాలి. రెండవ దానికి అక్కరలేదు. ఊసరవెల్లిని ఎరగాలనే కోరిక గలవారికి పంజరం కంటె మంచి మార్గాలు ఉన్నాయి. పగటిపూట ఆకులలో కలిసిపోయి ఎంత వెదకినా కనిపించని ఈ ప్రాణి, రాత్రి కొమ్మ చివరన నిద్రపోతూ పాలిపోయిన వన్నెతో ఉంటుంది. పెద్దలను వెంటబెట్టుకొని, ఊరి చెంతనున్న పొలం కంచె వద్ద టార్చి వెలుగు ప్రసరింపజేస్తే ఆకుల నడుమ తెల్లని ముద్దగా స్పష్టంగా కనిపిస్తుంది. తాకకుండా, దాని నిద్ర చెడకుండా ఒక క్షణం చూచి వెలుగు తప్పించాలి. ఎక్కడ, ఏ నెలలో, ఏ చెట్టు మీద కనిపించినదో ఒక పుస్తకంలో వ్రాసుకొనే విద్యార్థి, పంజరంలో పెట్టిన వాని కంటె ఎక్కువ తెలుసుకొంటాడు. రోడ్డు దాటుతూ కనిపిస్తే వాహనాలను గమనించుకొని, ఒక పుల్లను దాని కాళ్ళకు అందించాలి. అది దానిని పట్టుకొంటుంది. పోతున్న దిక్కునకే చేర్చి పొదలో వదలాలి. గాయపడినట్లు కనిపిస్తే అటవీశాఖ వారికి తెలియజేయాలి.

రైతుకు కూడా ఇందులో పాత్ర ఉంది. మిడతలను, ఈగలను, రకరకాల పురుగులను తిని బ్రతికే ఈ జీవి కంది చేనుకు అడగని కాపలాదారు. గట్ల మీది తుమ్మలను, రేగు పొదలను నరికివేసి బండలు పాతినపుడు దాని ఇల్లు పోతుంది. మితిమీరి పురుగుమందు చల్లినపుడు దాని ఆహారం పోతుంది. రాయి తగిలి చచ్చిన ఊసరవెల్లిని చూచి జాలిపడేవారుంటారు. కంచె కాలిపోగా కనుమరుగైన ఊసరవెల్లిని చూచి జాలిపడటానికి అక్కడ ఏమీ మిగలదు.

వానలకు మెత్తబడిన గట్టు మీద ఎప్పుడైనా ఒక ఊసరవెల్లి ముందరి కాళ్ళతో మట్టిని తోడుతూ కనిపించవచ్చు. ఆ సమయంలో దాని ఒళ్ళు మట్టిగొట్టుకొని ఉంటుంది, మనిషి అలికిడి విన్నా పారిపోగల వేగం దానికి లేదు. అపుడు చేయవలసిన పని చాలా చిన్నది. రాయి అందుకోకుండా, చేయి చాపకుండా, పది అడుగుల దూరం నుంచే పక్కకు తొలగి నడవాలి. అది త్రవ్వుతున్న గొయ్యి లోతు జానెడే. మరుసటి ఏటి ఊసరవెల్లులన్నీ అందులోనే ఉన్నాయి.